పన్ను తీసే ముందు దవడను చూపించిన క్లినిక్

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక దంత, దవడ శస్త్రచికిత్స క్లినిక్‌లో 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి వరకు నేను రెండు చికిత్సలు చేయించుకున్నాను. మొదటిది కుడివైపు కింది దవడలో పక్క పన్ను మీదికి వాలి ఇరుక్కుపోయిన జ్ఞానదంతానికి. రెండోది ఎడమవైపు తొమ్మిదేళ్ళ కిందట పీకించుకున్న దవడపన్ను స్థానంలో ఇంప్లాంటు, అంటే ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే కృత్రిమ పన్ను. మా అత్తగారి కట్టుడుపళ్ళ బాధకు కారణం కూడా అక్కడే తెలిసింది. నేను రాసేదాంట్లో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక క్లినిక్ పేరు, డాక్టరు పేరు రాయడం లేదు. మన ఊళ్ళో ఇలాంటి చికిత్సకు వెళ్ళేవారు ఏం అడగాలో, డాక్టరు ఎంతవరకు చెబితే సరిగా చెప్పినట్టో తెలిస్తే చాలునని రాస్తున్నాను.

గోపాలపట్నం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. రోజుకు ఐదు పీరియడ్లు మాట్లాడక తప్పదు. 2023 జూన్‌లో బడులు తెరిచిన వారానికే కుడి దవడ చివర చిగురు వాచి, నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోని పరిస్థితి వచ్చింది. అప్పుడు ఇంటి దగ్గరి పంటి ఆసుపత్రికి వెళితే, గోరంత ఎక్స్-రే ఒకటి తీసి, జ్ఞానదంతం అడ్డంగా ఉందనీ, వాపు తగ్గాక వస్తే అరగంటలో తీసేస్తామనీ చెప్పారు. తీస్తే ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని అడిగాను. ‘ఏమీ కాదమ్మా, రోజూ తీస్తుంటాం’ అన్నారు. ఆ మాటతో నాకు ధైర్యం రాలేదు. మా బడిలో లెక్కలు చెప్పే మాస్టారికి మూడేళ్ళ కిందట ఇలాంటి పన్నే తీశాక కింది పెదవిలో ఒక సగం, దాని కింద గడ్డం మీద కొంత మేర స్పర్శ పోయి ఇప్పటికీ తిరిగి రాలేదు. స్టాఫ్ రూములో టీ తాగేటప్పుడు చుక్క జారి గడ్డం మీద పడినా ఆయనకు తెలియదు. అందుకే గ్లాసు ఎత్తిన ప్రతిసారీ జేబురుమాలుతో ఆ వైపు తుడుచుకుంటారు. తనకు ముందుగా ఎవరూ చెప్పలేదన్న బాధ ఆ మాస్టారికి స్పర్శ పోయిన బాధ కంటే ఎక్కువ. ద్వారకానగర్ క్లినిక్ సంగతి చెప్పింది కూడా ఆయనే. తన పెదవిని పరీక్షించి, ఇంతకాలం గడిచాక తిరిగి వచ్చే ఆశ తక్కువని దాపరికం లేకుండా చెప్పిన డాక్టరు అక్కడ ఉన్నారని పంపించారు.

మొదటి రోజు ఎక్స్-రే కంటే ముందు ఇరవై నిమిషాల సేపు ప్రశ్నలే నడిచాయి. షుగరు, బీపీ, వాడే మందులు, ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షనో తీసుకుంటున్నానా, రక్తం పలుచబడే మందులున్నాయా, ఇంతకు ముందు పన్ను తీయించుకున్నప్పుడు రక్తం ఎంతసేపు ఆగలేదు, ఇవన్నీ డాక్టరు గారే స్వయంగా అడిగి రాసుకున్నారు. ఆమె నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. దవడ కీలు మీద రెండు చేతుల వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూయమన్నారు, నాలుక పైకెత్తమన్నారు, అంగిలి చూశారు. పంటినొప్పికి వస్తే అంగిలి ఎందుకు చూస్తారని అడిగితే, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారనీ, ఆ వేడికీ పొగకూ అంగిలి మీద వచ్చే మచ్చలు కొన్ని కాన్సరుగా మారతాయనీ, అందుకే ఎవరు వచ్చినా చూడటం అలవాటైందనీ చెప్పారు. నాకు ఆ అలవాటు ఉందని అనుమానించారన్న కోపం రాలేదు సరికదా, ఎవరినీ వదలకుండా చూసే పద్ధతి మీద గౌరవం కలిగింది.

తరువాత దవడ మొత్తం ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ అనే ఎక్స్-రే తీశారు. ఇక్కడి నుంచి ఆమె చెప్పిన తీరు వల్లనే ఈ సమీక్ష రాస్తున్నాను. తెర మీద నా కింది దవడను చూపిస్తూ, ‘టీచరు గారూ, పన్ను తీసే ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తే పెదవి ఎందుకు మొద్దుబారుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?’ అని అడిగారు. నోటి వెనక భాగంలో, దవడ ఎముక నిలువుగా పైకి లేచే చోట, లోపలి వైపున ఒక రంధ్రం ఉంటుంది. కింది పళ్ళన్నిటికీ స్పర్శనిచ్చే నరం ఆ రంధ్రంలోంచి ఎముకలోకి దిగి, సొరంగంలాంటి దారిలో దవడపళ్ళ వేళ్ళ కింద సాగి, ముందు దవడపళ్ళ కింద ఇంకో రంధ్రంలోంచి బయటికి వచ్చి, పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చేది ఆ నరం సొరంగంలోకి దిగబోయే చోట. కాబట్టి అక్కడ మత్తు పడితే దారి పొడుగునా పళ్ళూ, చివరన పెదవీ మొద్దుబారతాయి. జ్ఞానదంతం వేళ్ళు ఈ సొరంగాన్ని ఆనుకుని ఉంటే, పన్ను పెకలించేటప్పుడు నరం నలిగినా, తెగినా, మత్తు ఇవ్వకపోయినా పెదవి మొద్దుబారి ఉండిపోతుంది. ఇన్నేళ్ళుగా ఇంజెక్షన్లు చేయించుకున్నా ఈ సంబంధం నాకు ఎవరూ చెప్పలేదు.

పెదవి వంకరపోతుందా, మాట పోతుందా అన్నది నా భయం. పెదవిని కదిలించే నరం వేరు, అది చెవి ముందు నుంచి ముఖం మీదుగా వస్తుంది, ఎముక లోపలి నరం స్పర్శకు మాత్రమే అని ఆమె విడదీసి చెప్పారు. అంటే ప, ఫ, బ, భ, మ పలకడానికి పెదవులు కలుస్తాయి కానీ కలిసినట్టు ఒక వైపు తెలియదు. పిల్లలకు ఓష్ఠ్యాలు, దంత్యాలు అని బల్ల మీద రాసి చెప్పే నాకు ఆ వివరణ అక్కడికక్కడే పట్టుబడింది. నాలుక వైపు ఇంకో నరం ఉందనీ, అది జ్ఞానదంతం పక్కనే చిగురు కింద పోతుందనీ, నాలుక ముందు భాగపు స్పర్శా రుచీ దాని గుండానే అందుతాయనీ, అందుకే ఆ వైపు కోత పెట్టకుండా చెంప వైపు నుంచే పని చేస్తాననీ కూడా చెప్పారు.

నా ఓపీజీలో సొరంగపు అంచులుగా కనిపించాల్సిన రెండు తెల్లని గీతలు జ్ఞానదంతం వేరును దాటే చోట తెగిపోయి ఉన్నాయి. వేరు అక్కడ చుట్టుపక్కల కంటే నల్లగా ఉంది. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే నరం వేరుకు బాగా దగ్గరగా ఉందని అనుమానించాలనీ, ఓపీజీ మూడు కొలతల దవడను చదునుగా పరిచి, కొంత పెద్దదిగా చూపించే చిత్రం కనుక నరం వేరుకు ఏ వైపున ఉందో, మధ్యలో ఎముక మిగిలి ఉందో లేదో దానిలో తేలదనీ చెప్పి, దవడను మూడు కొలతల్లోనూ చూపించే సీబీసీటీ స్కాను తీయించమన్నారు. ఓపీజీ కంటే దీనిలో రేడియేషను ఎక్కువ, మామూలు సీటీ కంటే తక్కువ. అందుకని రెండు దవడలూ కాక, కింది దవడ వరకే తీయమని చీటీ మీద రాశారు. రెండు వేల రెండు వందలు అయింది. అనుమానించే గుర్తులు లేనివాళ్ళకు ఈ స్కాను రాయనన్న మాట కూడా ఆమే అన్నారు. ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందే ఒక కాలేజీ అబ్బాయికి ఓపీజీతోనే సరిపెట్టారు.

స్కానులో దవడను రొట్టె ముక్కల్లా కోసి చూడవచ్చు. ముక్క తరువాత ముక్క జరుపుతుంటే, వేరుకు నాలుక వైపున, దానికి అతుక్కుని ఒక బూడిద రంగు గుండ్రని మచ్చ కనిపించింది. అదే నరం ఉన్న సొరంగం. ఎనిమిది ముక్కల వరకు వేరుకూ దానికీ మధ్య తెల్లని ఎముక పొర లేనే లేదు. ఆమె మౌసును నా చేతికిచ్చి నన్నే జరపమన్నారు. నేను రెండుసార్లు వెనక్కీ ముందుకీ జరిపి చూశాను.

అప్పుడు నా ముందు మూడు దారులు పెట్టారు. ఏమీ చేయకుండా వదిలేయడం ఒకటి. కానీ జ్ఞానదంతానికి ముందున్న పన్ను వెనక భాగంలో అన్నం ఇరుక్కుని అప్పటికే పుప్పి మొదలైంది, చిగురు కూడా రెండుసార్లు చీము పట్టింది కనుక అది నాకు సరిపడదు. పూర్తిగా తీసేయడం రెండోది. మామూలుగా శాశ్వతంగా స్పర్శ పోవడం నూటికి ఒకరి కంటే తక్కువ మందికే జరిగినా, నా స్కానులాంటిది ఉన్నప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. మూడోది కరోనెక్టమీ. పంటి తలభాగాన్ని మాత్రం కోసి తీసేసి, నరాన్ని ఆనుకున్న వేళ్ళను ఎముక అంచుకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతున అలాగే వదిలి పైన చిగురు కుట్టేయడం. వేరు వదిలేస్తే కుళ్ళదా అని మా వారు అడిగారు. పంటి తలపై ఉండే పింగాణీ పొర ఏమాత్రం మిగలకుండా తీసేస్తే, ఆరోగ్యంగా ఉన్న వేరు మీదుగా ఎముక పెరుగుతుందనీ, దానికి రూట్ కెనాల్ కూడా చేయరనీ చెప్పారు. దానితో పాటు దాని లోట్లూ చెప్పారు. కోసేటప్పుడు వేళ్ళు వదులైతే అప్పటికప్పుడు మొత్తం తీసేయాల్సి వస్తుంది. వదిలిన వేళ్ళు మొదటి ఏడాది, రెండేళ్ళలో కొంచెం కొంచెంగా పైకి జరుగుతాయి. కొందరిలో చిగురు దాకా వచ్చి రెండోసారి చిన్న ఆపరేషను అవసరమవుతుంది, అయితే అప్పటికి అవి నరానికి దూరమై ఉంటాయి. ఈ చికిత్స నరానికి ప్రమాదాన్ని తగ్గిస్తుందే కానీ సున్నా చేయదని ఆమె రెండుసార్లు అన్నారు. నిర్ణయానికి వారం గడువు ఇచ్చి పంపించారు.

ఇంత చక్కగా తెలుగులో చెప్పిన చోట సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం మాత్రం నాలుగు పేజీల ఇంగ్లీషులో ఉంది. నేను చదువుకోగలిగాను. నా పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కాగితం మీద ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేశారు. ‘అమ్మా, ఇందులో ఏటుందో సూడవా’ అని ఆ తరువాత నన్ను అడిగారు. ఇది చిన్న లోపమని నేను అనుకోను. పెదవి మొద్దుబారవచ్చు, రెండో ఆపరేషను కావచ్చు అన్న మాటలు ఆయన భాషలో ఆయన చేతిలో ఉండాలి. ఈ విషయం రిసెప్షనులో రాతపూర్వకంగా ఇచ్చాను. పదహారు నెలల తరువాత, 2025 జనవరిలో వెళ్ళినప్పుడు కూడా అదే ఇంగ్లీషు కాగితం.

దసరా సెలవుల్లో, 2023 అక్టోబరు 16న ఆపరేషను జరిగింది. కుర్చీలో కూర్చోగానే నర్సు నా చేతిలోని చీటీ చూసి, ‘నలభై ఎనిమిది, కుడి కింద చివరిది, అదేనా మేడమ్?’ అని నన్నే వేలితో చూపించమంది. పళ్ళకు వాళ్ళు వాడే అంకెల్లో కుడి కింది జ్ఞానదంతం 48, ఎడమ కింది మొదటి దవడపన్ను 36. ఇంజెక్షనుకు ముందు ఈ అంకె సరిచూసుకునే పద్ధతి ఎక్కడ కనిపించినా అది మంచి చోటని నమ్మవచ్చు. పెదవి సగం బరువెక్కాక కోత మొదలైంది. నొప్పి లేదు. డ్రిల్లు చప్పుడు చెవిలో కాక తల ఎముకల్లో మోగినట్టుంది, నీళ్ళు గొంతులోకి జారకుండా గొట్టంతో లాగుతూనే ఉన్నారు. తలభాగం రెండు ముక్కలుగా వచ్చింది. వేళ్ళను కదిలించకుండా ఉండటానికి ఆమె ఎక్కడా సన్నటి ఇనుప ఊతంతో తిప్పి పెకలించలేదు, చివరి దాకా కోస్తూనే వెళ్ళారు. యాభై నిమిషాలు పట్టింది, నాలుగు కుట్లు పడ్డాయి. మొదటి రోజు బయట నుంచి ఐసు, మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, వారం దాకా స్ట్రాతో ఏదీ పీల్చకూడదు. పండగ రోజుల్లో ఇంట్లో అందరూ పులిహోర తింటుంటే నేను చోడి జావ, మెత్తని పెరుగన్నంతో గడిపాను. మూడో రోజు ఆదివారం కాకపోయినా సెలవే. అయినా క్లినిక్ నుంచి ఫోను చేసి, నొప్పి తగ్గుతూ ఉందా, లేక మూడో రోజున కొత్తగా పెరిగిందా అని అడిగారు. కింది దవడపళ్ళు తీసిన చోట రక్తపు గడ్డ జారిపోతే మూడు, నాలుగు రోజులకు చెవి దాకా లాగే నొప్పి వస్తుందనీ, అందుకే ఆ రోజు చేస్తారనీ తరువాత తెలిసింది. నాకు అది రాలేదు.

వచ్చింది వేరొకటి. మత్తు దిగిపోయాక కూడా కింది పెదవి కుడి మూల కింద, గడ్డం మీద రూపాయి నాణెం కంటే కొంచెం పెద్ద మేర మొద్దుబారి ఉండిపోయింది. రెండో రోజుకు అక్కడ చీమలు పాకినట్టు అనిపించడం మొదలైంది. భయపడుతూ ఫోను చేస్తే వెంటనే రమ్మన్నారు. ఆమె ఒక దూది పోగును నలిపి మొనలా చేసి, నన్ను కళ్ళు మూసుకోమని, గడ్డం మీద బయట నుంచి లోపలికి ఆనిస్తూ ఎక్కడ తెలియడం ఆగిందో చెప్పమన్నారు. ‘ఇప్పుడు తెలుసు, ఇప్పుడు తెలుసు, ఇప్పుడు లేదు’ అంటూ నేను చెబుతుంటే, ఆగిన ప్రతిచోటా నల్ల పెన్నుతో చుక్క పెట్టారు. చుక్కలన్నీ కలిపితే చింతగింజ ఆకారంలో ఒక గీత వచ్చింది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశారు. దూది తెలియని చోట సూది మొన కొంచెం తెలుస్తోంది కనుక నరం తెగలేదనీ, వాపు వల్లనో, ఒత్తిడి వల్లనో అలిసిందనీ, అలిసిన నరం వారాల్లో కోలుకుంటుందనీ, తెగిన నరం రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది కనుక దానికి నెలలు పడుతుందనీ వివరించారు. వాపు తగ్గే మాత్రలు ఐదు రోజులకు రాశారు. ప్రతి శనివారం వెళ్ళాను. ప్రతిసారీ అదే దూది, అదే పెన్ను, అదే స్కేలు. మొదటి వారం 31 మిల్లీమీటర్ల పొడుగున్న గీత మూడో వారానికి 18కి, నాలుగో వారానికి 7కి తగ్గింది. ఐదో శనివారం గీత గీయడానికి ఏమీ మిగలలేదు. ఈ ఐదు సార్లకూ రుసుము తీసుకోలేదు.

నేను ఈ క్లినిక్‌ను ఎవరికైనా చెబుతున్నానంటే ముఖ్యంగా ఆ గీతల వల్లే. ఇబ్బంది రాదని చెప్పడం ఎవరికైనా తేలిక. వచ్చాక తలుపు మూయకుండా, దాన్ని కొలిచి, వారం వారం రోగికి చూపించే డాక్టరు దొరకడం వేరు. లెక్కల మాస్టారికి మొదటి వారంలో ఇలా ఎవరైనా చేసి ఉంటే, కోలుకోని నరాన్ని సకాలంలో గుర్తించి ఏదైనా ప్రయత్నించే వీలుండేదేమో. ఆయనకు నా ఫోటోలు చూపించాను. చాలాసేపు చూశారు.

ఇంప్లాంటు కథ దీనికంటే సాఫీగా మొదలై, చివర్లో కొంచెం చెడింది. తీసిన పంటి చోట ఎముక నమిలే పని లేక ఏటేటా సన్నబడుతుంది. తొమ్మిదేళ్ళలో నా ఎడమ దవడ అంచు వెడల్పు తగ్గింది. అదే స్కానులో అంచు నుంచి నరం పైకప్పు దాకా 13.4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. నరానికి కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలన్నది వాళ్ళ నియమం కనుక 10 మిల్లీమీటర్ల ఇంప్లాంటు ఎంచుకున్నారు. ఇంకో సంగతి కూడా చూపించారు. దవడ లోపలి వైపు, కింద, లాలాజల గ్రంథి ఒదిగే గుంట ఒకటి ఉంటుంది. నోట్లో చూస్తే దవడ నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ, ఆ గుంట వల్ల ఎముక లోపలికి వంగి ఉంటుంది. తిన్నగా కిందికి డ్రిల్లు దింపితే నాలుక వైపు ఎముక చీల్చుకుని బయటపడవచ్చు, అక్కడ రక్తనాళాలు తెగితే నాలుక కింద వాపు వచ్చి ఊపిరికే ప్రమాదం. అందుకే కొంచెం వాలుగా దింపుతానని కోణం కూడా గీసి చూపించారు.

2024 సంక్రాంతి సెలవుల్లో టైటానియం స్క్రూ బిగించారు. టైటానియంతో ఎముక నేరుగా అతుక్కుంటుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకల మీద చేసిన పరిశోధనలో గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో వాడారట. ఆ అతుకు పడటానికి కింది దవడలో మూడు, నాలుగు నెలలు ఆగాలి. పై దవడ వెనక భాగంలో ఎముక మెత్తన, పైగా పైనే గాలిగది ఉంటుంది కనుక ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. చేతి రెంచితో బిగించేటప్పుడు బిగువు 35 న్యూటన్-సెంటీమీటర్ల దగ్గర టక్కుమని చప్పుడైంది. ఎముక గట్టిగా పట్టిందనడానికి అది గుర్తు. అరిసెలు ఆ ఏడు కుడివైపే నమిలాను. మే నెలలో జిర్కోనియా క్యాపు పెట్టారు, సిమెంటుతో కాక స్క్రూతో. ఎప్పుడైనా విప్పి శుభ్రం చేయడానికి వీలుంటుందని.

ఇబ్బంది క్యాపుతో వచ్చింది. క్యాపుకూ దాని ముందున్న పన్నుకూ మధ్య సందు మిగిలిపోయి, ప్రతి భోజనం తరువాతా ఆకుకూర పీచు ఇరుక్కునేది. వేరొక పన్నైతే చికాకుతో పోతుంది. ఇంప్లాంటు చుట్టూ చిగురు వాచి ఎముక కరిగితే స్క్రూయే ఊడిపోయే ప్రమాదం ఉంది. క్యాపు అమర్చిన జూనియరు డాక్టరు ‘అలవాటైపోతుంది మేడమ్’ అన్నారు. ఆ మాట ఆ క్లినిక్‌లో వినవలసిన మాట కాదు. నెల తరువాత పెద్ద డాక్టరు గారు సన్నటి దారం సందులో పెట్టి చూసి, అది ఏ అడ్డూ లేకుండా జారిపోవడం నాకే చూపించి, క్యాపు విప్పి ల్యాబుకు పంపించి సరిచేయించారు. డబ్బు తీసుకోలేదు కానీ మూడుసార్లు తిరగవలసి వచ్చింది. బిల్లు విషయంలోనూ ఫిర్యాదు ఉంది. మొదట చెప్పిన ముప్పై రెండు వేలలో స్క్రూకూ క్యాపుకూ మధ్య ఉండే అబట్‌మెంటు కలపలేదు. దానికి మరో ఐదున్నర వేలు క్యాపు రోజున అడిగారు. అది లేకుండా క్యాపు నిలవదు కదా, మొదటి అంచనాలోనే ఎందుకు రాయలేదంటే రిసెప్షనులో సరైన జవాబు రాలేదు. ఇంప్లాంటుకు వెళ్ళేవారు స్క్రూ, అబట్‌మెంటు, క్యాపు, స్కాను నాలుగూ కలిపి ఎంతో రాయించుకుని మొదలుపెట్టడం మంచిది.

మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా కట్టుడుపళ్ళు వాడుతున్నారు. కింది సెట్టు నిలవక, అన్నం నమిలితే ఎడమ పెదవి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి అంటుంటే, వయసు వల్లనే అనుకున్నాం. ఓపీజీలో చూస్తే కింది దవడ పెన్నంత మందంగా అరిగిపోయింది. నరం బయటికి వచ్చే రంధ్రం ఒకప్పుడు ఎముక మధ్యలో ఉండేది, ఎముక పైనుంచి అరిగి అరిగి ఇప్పుడది అంచు మీదికి వచ్చింది. సెట్టు నేరుగా ఆ నరం మీదే కూర్చుంటోంది. ఆ ఒక్కచోట సెట్టును లోపలి నుంచి తొలిచి మెత్తటి పొర వేస్తే నొప్పి వారంలో పోయింది. దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి సెట్టును వాటికి తగిలించవచ్చని నేనే అడిగాను. అత్తగారు ఎముకలు గుల్లబారకుండా వారానికొక మాత్ర ఆరేళ్ళుగా వాడుతున్నారని తెలిసి, డాక్టరు గారు అలాంటి మందులు వాడేవారిలో దవడ ఎముక గాయం మానకుండా ఉండిపోయే ప్రమాదం అరుదుగానైనా ఉంటుందనీ, మందు రాసిన డాక్టరుతో మాట్లాడకుండా డ్రిల్లు పెట్టననీ అన్నారు. అరవై వేల రూపాయల పని వద్దన్న మనిషిని చూసి మా అత్తగారు, ‘ఈవిడ దగ్గరికే తీసుకురా అమ్మా’ అన్నారు.

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు చిన్నది. సాయంత్రాలు గంటన్నర దాకా కూర్చోవలసి వస్తుంది. ఉదయం పదిన్నరకు వెళితే పని త్వరగా అవుతుంది. పనిముట్ల ప్యాకెట్టు నా ఎదుటే చింపారు. ఖర్చు భరించలేనివారికి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు గానీ, డెంటల్ కాలేజీకి గానీ వెళ్ళమని, తీసిన స్కాను సీడీతో సహా చేతికిచ్చి పంపడం రెండుసార్లు చూశాను.

2025 జనవరిలో చివరి ఓపీజీ తీశారు. 2023లో తీసిన చిత్రాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. వదిలిన వేళ్ళు రెండూ మూడు మిల్లీమీటర్లకు దగ్గరగా పైకి జరిగాయి, వాటి మీదుగా ఎముక మూసుకుంది. అప్పుడు తెగిపోయి కనిపించిన సొరంగపు తెల్ల గీతలు ఇప్పుడు వేళ్ళ కింద తెగకుండా సాగుతున్నాయి. ఎడమవైపు స్క్రూ మొదటి మర దాకా ఎముక అలాగే ఉంది. కుడివైపు జ్ఞానదంతానికి ముందున్న పన్ను వెనక పుప్పికి సిమెంటు నింపారు. ఏడాది తరువాత సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ చిత్రం తీయాలని తేదీ రాసి ఇచ్చారు. ఆ రోజుకు అంగీకార పత్రం తెలుగులో తయారైందో లేదో కూడా చూసి రావాలని అనుకున్నాను.